కట్టెల స్టవ్ పెట్టేముందు: ఫైర్‌ప్లేస్ లోపలా బయటా ఏం వేయాలో తేల్చుకోవడం ఎలా

షెఫీల్డ్‌లో మేం కొన్నది విక్టోరియా కాలపు వరస ఇల్లు. హాల్లో చిమ్నీ గోడకి ఒక బోర్డు కొట్టి, దాని మీద వాల్‌పేపర్ అంటించి ఉంది. బోర్డు తీస్తే లోపల పాత ఫైర్‌ప్లేస్. అందులో చిన్న కట్టెల స్టవ్ పెట్టించుకుందామని నేనూ మా ఆయనా అనుకున్నాం. ఏ స్టవ్ కొనాలని రెండు నెలలు వెతికాం. దాని చుట్టూ గోడకి ఏం వేయాలన్నది మాత్రం పది నిమిషాల్లో తేల్చేశాం. "లోపల నున్నగా ప్లాస్టర్ చేసి తెల్ల పెయింట్ వేసేయండి" అన్నాం. పనికొచ్చినతను మిగతా గదికి వాడిన గులాబీ రంగు ప్లాస్టరే లోపలా వేశాడు. స్టవ్ వెలిగించిన మూడో వారానికి గీతలు పడ్డాయి. సంక్రాంతి నాటికి పెచ్చులు ఊడి స్టవ్ మీద పడుతున్నాయి. స్టవ్ బయటకి తీయించి, గోడ గీకించి, మొత్తం మళ్లీ చేయించుకున్నాం.

ఆ రెండో సారి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. కొలతలూ నిబంధనలూ ఇంగ్లండ్‌వి. బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లో అప్రూవ్డ్ డాక్యుమెంట్ జె అనే భాగంలో ఇవి ఉంటాయి. స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లో ఉన్నవాళ్లు తమ దగ్గరి నియమాలు విడిగా చూసుకోవాలి.

పేర్ల సంగతి ముందే చెప్తాను. స్టవ్ కూర్చునే ఖాళీని గూడు అంటాను. స్టవ్ కిందా ముందూ పరిచే రాతి భాగాన్ని ఇక్కడ హార్త్ అంటారు, నేను అరుగు అంటాను. గదిలోకి ముందుకు పొడుచుకొచ్చిన గోడ చిమ్నీ గోడ.

1. ముందు గూడు తెరిచి చూడండి

మూసేసిన ఫైర్‌ప్లేస్‌ని గబగబా సుత్తితో పగలగొట్టకండి. పాతకాలంలో ఇలాంటి వాటిని మూయడానికి ఆస్బెస్టాస్ కలిసిన బోర్డులు వాడేవారు. బ్రిటన్‌లో ఆస్బెస్టాస్‌ని పూర్తిగా నిషేధించింది 1999లోనే. అందుకని బూడిద రంగులో, గట్టిగా, సిమెంటు అట్టలా ఉన్న బోర్డు కనిపిస్తే డ్రిల్ పెట్టకుండా ముక్క పరీక్షకి పంపే ఏర్పాటు చేయండి. పాత స్టవ్ తలుపుల చుట్టూ ఉండే తాడు విషయంలోనూ ఇదే జాగ్రత్త.

తర్వాత చిమ్నీ శుభ్రం చేసేవాళ్లని పిలవండి. మసి దులిపించడంతో పాటు పొగ సరిగ్గా పైకి పోతోందో లేదో కూడా వాళ్లు చూసి చెప్తారు. ఆ పని కాకుండా గోడకి ఏం వేసినా, తర్వాత దాని మీద మసి రాలుతుంది.

గూడు లోపల వంపు తిరిగిన మట్టి పలక, అంటే ఫైర్‌బ్యాక్, ఉంటే దాన్ని తీసేస్తారు. దాని వెనక ఇటుక ముక్కలు, సున్నం, చెత్త నింపి ఉంటాయి. అవన్నీ తీశాకే అసలు గూడు ఎంతుందో తెలుస్తుంది. మాకు బయటి నుంచి కనిపించిన వెడల్పుకీ లోపల దొరికిన వెడల్పుకీ చాలా తేడా వచ్చింది. పైన లింటెల్ ఉందా, లేక ఇటుకల కమాను ఉండి దాని కింద ఇనుప పట్టీ ఉందా చూడండి. గూడు ఎత్తు పెంచాలంటే అది మీ అంతట మీరు తేల్చే విషయం కాదు, పై గోడ బరువంతా దాని మీదే ఉంటుంది. వరస ఇళ్లలో ఆ గోడ పక్కింటివాళ్లతో ఉమ్మడిది కూడా కావచ్చు. అలాంటి గోడని కోసే పనికి 1996 నాటి పార్టీ వాల్ చట్టం వర్తిస్తుంది. లిస్టెడ్ భవనమైతే, అంటే చారిత్రక కట్టడంగా రక్షిత జాబితాలో ఉన్నదైతే, ముందుగా కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి.

2. స్టవ్ మాన్యువల్ చదవండి, అది కొనకముందే

ఫినిషింగ్ నిర్ణయాలన్నీ మాన్యువల్‌లోని మూడు అంకెల మీద ఆధారపడతాయి.

మొదటిది, కాలే వస్తువులకి స్టవ్ ఎంత దూరంలో ఉండాలి అన్నది. పక్కలకి ఒకటి, వెనక్కి ఒకటి, పైకి ఒకటి విడివిడిగా ఇస్తారు. రెండోది, ఇటుక, రాయి లాంటి నిప్పంటుకోని గోడలకి ఎంత ఖాళీ వదలాలి అన్నది. ఇది నిప్పు భయంతో పెట్టింది కాదు. వేడి గాలి స్టవ్ చుట్టూ తిరిగి గదిలోకి రావడానికి, పక్కనుంచి చెయ్యి పెట్టి శుభ్రం చేసుకోవడానికి. మూడోది, స్టవ్ కింద అరుగు 100 డిగ్రీలు దాటి వేడెక్కుతుందా లేదా అన్నది. ఈ మూడో అంకె మీద మీ అరుగు మందం మొత్తం మారిపోతుంది, దాని గురించి కింద రాశాను.

లోపల గోడకి ఏ లైనింగ్ వేసినా దాని మందం గూడులోంచే పోతుందని మరిచిపోవద్దు. 25 మిల్లీమీటర్ల బోర్డు రెండు పక్కలా వేస్తే వెడల్పు 50 తగ్గుతుంది. 800 గూడు 750 అవుతుంది. స్టవ్ 450 వెడల్పు ఉంటే ఒక్కో పక్క 150 మిగులుతుంది. అదే స్టవ్ 550 ఉంటే 100 మాత్రమే. కాగితం మీద ఈ కూడికలూ తీసివేతలూ చేసుకున్నాకే స్టవ్‌కి డబ్బు కట్టండి.

స్టవ్ ఎంపికలో ఇంకొక్క మాట. నగరాల్లో చాలా ప్రాంతాలు స్మోక్ కంట్రోల్ ఏరియాలు, అంటే పొగ వదలడం మీద ఆంక్షలున్న చోట్లు. 1952 డిసెంబరులో లండన్‌ని పొగమంచు కమ్మేశాక 1956లో వచ్చిన క్లీన్ ఎయిర్ చట్టం నుంచి మొదలైన ఏర్పాటు ఇది. అక్కడ కట్టెలు కాల్చాలంటే డెఫ్రా (ప్రభుత్వ పర్యావరణ శాఖ) మినహాయింపు ఉన్న స్టవ్ కావాలి.

3. అరుగు: ముందు కొలత, తర్వాత రాయి

నిప్పురవ్వ ఎక్కడ పడుతుందో అక్కడ కాలే వస్తువు ఉండకూడదు. అరుగు కొలతలన్నీ ఈ ఆలోచన మీదే నిలబడ్డాయి.

అరుగు రెండు పొరలు. అడుగున ఉండేది గట్టి కాంక్రీటు లేదా రాతి పునాది. పైన మీరు పరిచే పలకలు రెండో పొర. అరుగు 100 డిగ్రీలు దాటి వేడెక్కే స్టవ్ అయితే పునాది మందం, పైన వేసే నిప్పంటుకోని పలకతో కలిపి, కనీసం 125 మిల్లీమీటర్లు ఉండాలి. గూడు అంచు నుంచి గదిలోకి 500, రెండు పక్కలా 150 చొప్పున ముందుకు రావాలి. 800 గూడుకి ఆ లెక్కన 1100 వెడల్పు. 100 డిగ్రీలు దాటదని తయారీదారు రాసిచ్చిన స్టవ్‌కి 12 మిల్లీమీటర్ల నిప్పంటుకోని పలక చాలు. చెక్క నేల ఉన్న ఇళ్లలో ఈ తేడా చాలా పని తగ్గిస్తుంది.

ఇక పై పలక. మూసిన తలుపుతోనే వాడే స్టవ్ ముందు 225 మిల్లీమీటర్లు, తలుపు తెరిచి కూడా వాడగలిగే స్టవ్ అయితే 300, పక్కలకి 150 ఉండాలి. ఇవి కనీసాలు. కట్టె వేయడానికి తలుపు తీసినప్పుడు నిప్పు ఎంత దూరం దొర్లుతుందో ఒకసారి చూసినవాళ్లెవరూ కనీసంతో ఆగరు. స్థలం ఉంటే ముందు 400 వదలమని నా సలహా.

అరుగు ఎక్కడ ముగుస్తుందో కంటికి తెలియాలని కూడా నిబంధన ఉంది, రేపెవరో కార్పెట్ దాని మీదికి లాగకుండా. నేలకన్నా కాస్త ఎత్తుగా కడితే ఆ పని దానంతట అదే జరుగుతుంది. నేలకి సమంగా కావాలంటే వేరే రంగు రాతితో హద్దు చూపించాలి. పాకే పిల్లలో, నడవడానికి ఇబ్బందిపడే పెద్దవాళ్లో ఇంట్లో ఉంటే సమంగా ఉన్న అరుగే మంచిది.

ఇప్పుడు రాయి. దీని దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను, ఎందుకంటే షాపులో సగం రాళ్లు మన వైపువే. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే గ్యాలక్సీ గ్రానైట్ ప్రకాశం జిల్లా చీమకుర్తిది. బ్లాక్ లైమ్‌స్టోన్ పేరుతో ఇక్కడ అమ్మే రాళ్లలో మన కడప నాపరాయి కూడా ఉంటుంది. చిన్నప్పుడు కూర్చుని అన్నం తిన్న బండని ఇక్కడ చూస్తే చేతులు ఆగవు. అయినా మనసుతో కాకుండా వేడితో ఆలోచించాలి.

గ్రానైట్ వేడికి తట్టుకుంటుంది, కానీ ఒకే పెద్ద పలకగా వేస్తే ఒక చోట వేడెక్కి ఇంకో చోట చల్లగా ఉండి పగలొచ్చు. కట్టెల స్టవ్ కింద వేసే గ్రానైట్ని ముక్కలుగా కోసి, అడుగున కాంక్రీటు నింపి ఇవ్వమని అడగాలి. గ్యాస్ ఫైర్ కోసం చేసిన బోలు అరుగు తక్కువ ధరకి వస్తుందని తీసుకోకండి. నున్నగా మెరిసే నలుపు మీద బూడిద పొడి ప్రతిరోజూ కనిపిస్తుంది. మెరుపు తీసిన హోన్డ్ రకం నయం.

నాపరాయి సున్నపురాయి జాతి. నిమ్మరసమో చింతపండు పులుసో పడితే మచ్చ అలాగే ఉండిపోతుంది. నల్ల రంగు కాలంతో బూడిద రంగులోకి తిరుగుతుంది. స్టవ్ పక్కన కూర్చుని టిఫిన్ తినే ఇంట్లో దాన్ని నేను వేయను. పాలరాయికీ ఇదే మాట.

చివరికి మేం తీసుకుంది స్లేటు, అంటే పలక రాయి. చిన్నప్పుడు బలపంతో అ ఆలు దిద్దిన పలక ఈ రాయిదే. వేడికి బాగా నిలబడుతుంది, మరకలు తక్కువ. గీతలు పడతాయి, అయినా ఆ రాతి మీద అవి చూడ్డానికి ఇబ్బందిగా ఉండవు. మూడు ముక్కలుగా వేసి మధ్యలో సన్నటి సందు వదిలారు.

4. గూడు లోపలి గోడ: అసలు నిర్ణయం ఇదే

స్టవ్ మండుతున్నప్పుడు లోపలి గోడ బాగా వేడెక్కుతుంది, ఆరాక చల్లబడుతుంది. చలికాలమంతా రోజూ ఇలా సాగుతుంది, ముడుచుకుంటుంది. దాని మీద వేసినది కూడా దానితో పాటే సాగగలగాలి.

మామూలు జిప్సం ప్లాస్టర్ ఇది చేయలేదు. జిప్సం గట్టిపడేదే నీటిని తనలో కట్టిపెట్టుకుని. సుమారు 50 డిగ్రీలు దాటిన వేడి రోజూ తగిలితే ఆ నీరు కొద్దికొద్దిగా విడిపోయి ప్లాస్టర్ బలం పోయి పొడిగా మారుతుంది. మా ఇంట్లో జరిగింది ఇదే. మామూలు ప్లాస్టర్‌బోర్డు ఇంకా ప్రమాదం, దాని రెండు వైపులా ఉన్నది కాగితం. కాబట్టి పనివాళ్లని మొదట అడగాల్సింది ధర కాదు, "లోపల ఏ ప్లాస్టర్ వేస్తారు?" అని. "ఏదైనా ఒకటే" అంటే వేరేవాళ్లని చూసుకోండి.

మిగిలిన దారులు నాలుగు.

ఇటుకని అలాగే వదిలేయడం. పాత ఇటుకలు బాగుంటే నాకు దీన్ని మించింది లేదు. కానీ గూడు లోపలి ఇటుకలు ఎవరూ చూడరని అప్పట్లో తక్కువ రకంవి వాడేవారు. అంచులు విరిగి, వరసలు వంకరగా, మసి పట్టి ఉంటాయి. ముందు ఒక చదరపు అడుగు మేర ప్లాస్టర్ తీసి, బ్రష్‌తో రుద్ది చూడండి. ఇటుక పొడిపొడిగా రాలుతుంటే ఈ ఆలోచన మానేయండి. బాగుంటే పాత సందుల్లో వదులైన గార తీసి సున్నపు గారతో మళ్లీ పాయింటింగ్ చేయించాలి. హైడ్రాలిక్ లైమ్ (నీటితో గట్టిపడే సున్నం) ఒక పాలు, ఇసుక సుమారు మూడు పాళ్లు. గట్టి సిమెంటుతో పాయింటింగ్ చేస్తే పాత మెత్తటి ఇటుకే పగులుతుంది. మేం ఊళ్లో వాడిన మట్టి పొయ్యి గుర్తొచ్చింది నాకు. పగులు వచ్చినప్పుడల్లా అమ్మ మట్టితో అలికేది, పొయ్యి ఏళ్ల తరబడి అలాగే ఉండేది. మెత్తటి పదార్థం పగుళ్లు తన మీద తీసుకుని లోపలిదాన్ని కాపాడుతుంది. సున్నం చేసేది కూడా అదే.

ఇసుక, సున్నం, సిమెంటుతో రెండర్, అంటే గార పూత, వేయడం. నున్నటి తెల్లటి గూడు కావాలనుకునేవాళ్లకి ఇది. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్లు ఇసుక కలపడం వాడుకలో ఉన్న పాళ్లు. సున్నం ఉండటం వల్లే అది కాస్త సాగుతుంది. దీని పైన వేడికి తట్టుకునే ఫినిషింగ్ ప్లాస్టర్ వేయొచ్చు. మూలల్లో లోహపు పట్టీలు పెట్టనివ్వకండి. లోహం గోడకన్నా వేగంగా సాగి, సరిగ్గా ఆ అంచు మీదే గీత తెప్పిస్తుంది. చేత్తో అంచు తీర్చగల మేస్త్రి దొరికితే వదులుకోకండి. ఇందులో ఉన్న ఇంకో చిక్కు మసి. ఏళ్ల తరబడి ఇటుకలోకి ఇంకిన మసిలోని లవణాలు గాలిలో తేమని లాక్కుని, కొత్త రెండర్ మీద గోధుమ రంగు మరకలుగా తేలతాయి. ఇటుకని బాగా బ్రష్ చేయించి, పూర్తిగా ఆరాకే రెండర్ మొదలుపెట్టాలి.

బోర్డులు బిగించడం. క్యాల్షియం సిలికేట్ లేదా వర్మిక్యులైట్ బోర్డులు నిప్పంటుకోవు, వేడిని కొంత ఆపుతాయి. ఇటుక వరస గుర్తులున్నవి, ఏటవాలు అల్లిక నమూనాలవి దొరుకుతాయి. మిగతా వాటికన్నా త్వరగా పూర్తవుతుంది, దుమ్ము తక్కువ. లోపల గోడ మరీ పాడైతే నేను ఇదే చెప్తాను. వర్మిక్యులైట్ బోర్డు మెత్తటిది, కట్టె తగిలితే సొట్ట పడుతుంది. కట్టెలు గూడులోనే స్టవ్ పక్కన పేర్చుకునే అలవాటుంటే వద్దు. అసలు ఆ అలవాటే మంచిది కాదు, ఎండు కట్టె కూడా కాలే వస్తువే, మాన్యువల్‌లోని దూరం దానికీ వర్తిస్తుంది.

టైల్స్ లేదా పల్చటి ఇటుక ముక్కలు అంటించడం. కింద సిమెంటు బోర్డు, మధ్యలో వేడికి తట్టుకునే, కాస్త సాగే జిగురు ఉండాలి. బాత్రూమ్‌లో మిగిలిన జిగురు వాడితే టైల్స్ ఒక్కొక్కటే ఊడొస్తాయి.

రంగు వేస్తే వేడికి తట్టుకునే పెయింటే వేయించండి. ముదురు బూడిద రంగు గూడులో స్టవ్ ఒదిగిపోతుంది, మసి కనపడదు. తెల్లది ఏటా మళ్లీ వేయాల్సి వస్తుంది.

5. గూడు పైకప్పు

స్టవ్ పైన చిమ్నీని మూసే రేకు ఉంటుంది, రిజిస్టర్ ప్లేట్. సాధారణంగా 1.5 మిల్లీమీటర్ల మందమున్న గాల్వనైజ్డ్ ఉక్కు. సోఫాలో కూర్చుంటే మెరిసే ఆ రేకే మొదట కనిపిస్తుందని మాకు ముందు తట్టలేదు. బిగించకముందే నల్ల వేడి-పెయింట్ వేయించండి. చిమ్నీ తనిఖీకి అందులో ఉండే మూతని ప్లాస్టర్‌తో కప్పేయనివ్వకండి.

6. పైన దూలం, బయటి గోడ

మొదట్లో ఓక్ దూలం పెట్టాలని మా ఆయన పట్టు. స్టవ్ పై భాగం నుంచి కాలే వస్తువుకి మాన్యువల్ చెప్పిన దూరం ఒకటి. ఒకే పొర ఉన్న పొగ గొట్టం నుంచి దాని వ్యాసానికి మూడింతల దూరం ఉండాలన్నది రెండోది. 125 మిల్లీమీటర్ల గొట్టానికి 375, 150 గొట్టానికి 450. సరైన రక్షణ పలక అడ్డుపెడితే అది ఒకటిన్నర రెట్లకి తగ్గుతుంది. మా గూడు ఎత్తుకి లెక్క సరిపోలేదు. ఓక్ లాగే పోత పోసిన కాంక్రీటు దూలం పెట్టించాం. దగ్గరికెళ్లి తడితే తప్ప తేడా తెలియదు. పాత ఇంటి చెక్క మాంటెల్ (ఫైర్‌ప్లేస్ పైన ఉండే అర) మీకు ఇష్టమై ఉంచుకోవాలనుకుంటే, దానికి సరిపడే స్టవ్ వెతకండి.

ఈ లెక్కలో మన ఇళ్లకే ప్రత్యేకమైన విషయం ఒకటుంది. మాంటెల్ మీద దేవుడి పటాలు, వాటికి పూలదండలు, పండక్కి మావిడాకుల తోరణం. ఎండిన మావిడాకు ఎంత తేలిగ్గా అంటుకుంటుందో మనకి తెలుసు. తోరణం స్టవ్ వైపుకి వేలాడకూడదు. దసరాకి బొమ్మల కొలువు ఆ గోడ దగ్గర పెట్టేవాళ్లు కొలువు ఎత్తేదాకా స్టవ్ వెలిగించకండి. టీవీని కూడా చిమ్నీ గోడకి బిగించకుండా పక్క గోడకి మార్చండి, పైకి లేచే వేడి నేరుగా దానికే తగులుతుంది. పసిపిల్లలుంటే గోడకి బిగించే జాలీ కంచె పెట్టండి, దాని కొక్కేల చోటు ప్లాస్టర్ అప్పుడే చెప్పి చేయించండి.

బయటి చిమ్నీ గోడకి లోపలంత వేడి తగలదు. పాత ఇంట్లో అక్కడ కూడా సున్నపు ప్లాస్టరే నా ఎంపిక, గోడలో తేమ బయటికి పోతుంది.

7. వరస తప్పకుండా పని చేయించడం

గూడు తెరవడం, మసి దులపడం, లింటెల్ పని, అరుగు, లోపలి గోడ, అది ఆరే సమయం, ఆ తర్వాత స్టవ్, గొట్టం, రేకు, చివరికి బయటి ప్లాస్టర్, పెయింట్. స్టవ్ బిగించేవాళ్లు వచ్చేసరికి లోపలి గోడ పచ్చిగా ఉంటే వాళ్ల తేదీ పోతుంది, మళ్లీ దొరకడానికి వారాలు పట్టొచ్చు. ఆ టెన్షన్ లేకుండా రెండర్‌కీ స్టవ్‌కీ మధ్య కనీసం మూడు నాలుగు వారాలు పెట్టుకోండి.

బిగించేవాళ్లు హెటాస్ (స్టవ్ బిగించేవాళ్లని నమోదు చేసే సంస్థ) నమోదున్నవాళ్లయితే సర్టిఫికెట్ వాళ్లే ఇస్తారు. లేకపోతే పని మొదలుపెట్టకముందే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కి చెప్పాలి. ఇల్లు అమ్మేటప్పుడు లాయర్లు ఆ కాగితం అడుగుతారు. అరుగు, చిమ్నీ వివరాలు రాసిన చిన్న నోటీసు ప్లేటు కూడా ఇంట్లో కనిపించే చోట బిగించాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. స్టవ్ నుంచి 1 నుంచి 3 మీటర్ల దూరంలో ఉండాలి. పైకప్పుకి పెడితే గోడకి కనీసం 300 మిల్లీమీటర్ల దూరం, గోడకి పెడితే పైకప్పుకి కనీసం 150 కింద, తలుపులూ కిటికీలకన్నా ఎత్తులో. గది అలంకరణకి అడ్డమని దాన్ని అల్మారా వెనక దాచకండి.

8. మొదటి మంటలు

మొదటి రోజు చిన్న పుల్లలతో అరగంట మంట, పూర్తిగా చల్లారనివ్వండి. రెండో రోజు కాస్త ఎక్కువ. మూడు నాలుగు రోజులు ఇలా పెంచుతూ పోతే గోడలో మిగిలిన తేమ మెల్లగా పోతుంది. స్టవ్ పెయింట్ వాసన వస్తుంది, కిటికీలు తెరిచి పెట్టుకోండి. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి, పచ్చి కట్టెతో పొగా మసీ ఎక్కువవుతాయి.

మొదటి నెలలో వెంట్రుక లాంటి గీతలు ఒకటి రెండు పడితే కంగారు పడకండి. వాటి పక్కన పెన్సిల్‌తో తేదీ రాసి పెట్టండి. చలికాలం అయ్యేసరికి అవి పెరగకపోతే సున్నంతో పూసి రంగు వేసుకోవచ్చు. గీత పొడవుగా సాగుతుంటే, తట్టినప్పుడు లోపల బోలు శబ్దం వస్తుంటే, పూత గోడని వదిలిందని అర్థం. అంతమేరా కొట్టేసి కొత్తగా వేయించుకోవాలి.